బజారా, సర్కారా? దక్షిణ పాలమూరు నేల మీద ఒక పాత చర్చ

మార్కెట్‌ను నమ్మేవాళ్లకూ ప్రభుత్వాన్ని నమ్మేవాళ్లకూ మధ్య వాదన ఈనాటిది కాదు. ఒకరు 1991లో సోవియట్ యూనియన్ కూలిపోవడాన్ని చూపిస్తారు. మరొకరు 2008లో అమెరికా బ్యాంకులు దివాలా తీసి, సర్కారు ఖజానా ముందు చేయి చాచడాన్ని చూపిస్తారు. తెలుగునాట ఈ చర్చ ఇంకా చిక్కుపడింది. తుపాకీ పట్టి భూమి పంచిన ఉద్యమం ఇక్కడిదే. ఉమ్మడి సేద్యాన్ని ఎదిరించి పుట్టిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడైన ఆచార్య రంగా కూడా తెలుగువాడే. 1972లో ముఖ్యమంత్రిగా భూపరిమితి బిల్లు తెచ్చిన పి.వి. నరసింహారావే, 1991లో ప్రధానిగా లైసెన్సుల రాజ్యానికి తెర దించారు.

ఈ సమీక్ష ఆ చర్చను పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని మూడు జిల్లాల మీద పెట్టి చూస్తుంది: జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో రైతులు కంపెనీల కోసం పత్తి విత్తనం పండిస్తారు. నల్లమల అంచున లింగాల మండలంలో చెంచు పెంటల (గూడేల) అటవీ ఫలసాయాన్ని కొనడానికి ప్రభుత్వ సంస్థ ఉంది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీ అక్కడ తట్ట మోశాడు. ప్రైవేటు ఒప్పందం, సర్కారు గుత్తాధిపత్యం, మేస్త్రీ అడ్వాన్సు అనే మూడు ఏర్పాట్లూ ఒకే ప్రాంతంలో ఉన్నాయి కాబట్టి, స్వలాభానికీ న్యాయానికీ ఎక్కడ పొత్తు కుదిరిందో, ఎక్కడ చెడిందో ఇక్కడ పోల్చి చూడవచ్చు.

చర్చ పుట్టుక

1776లో ఆడమ్ స్మిత్ చెప్పిన మాట అందరికీ తెలిసిందే. ఎవరి లాభం కోసం వాళ్లు పాటుపడితే, పోటీ ఉన్నచోట, ఊరందరికీ సరుకు అందుతుంది. అయితే మనవాళ్లు తరచూ మరిచేవి రెండున్నాయి. 1759లోనే ఆయన మనిషిలోని సానుభూతి గురించి, నిష్పాక్షికంగా చూసే అంతరంగం గురించి పెద్ద గ్రంథం రాశాడు. యజమానులు కూలి పెరగకుండా లోపాయికారీగా ఒక్కటవుతారని 1776 గ్రంథంలోనే హెచ్చరించాడు.

1867లో పెట్టుబడి గ్రంథం మొదటి సంపుటంలో మార్క్స్ అడిగిన ప్రశ్న వేరు. బజారులో ఇద్దరూ ఇష్టపడే ఒప్పందం చేసుకున్నట్టు కనిపిస్తుంది. కానీ శ్రమ తప్ప అమ్ముకోవడానికి ఏమీ లేనివాడు ఆ ఒప్పందాన్ని కాదనగలడా? ఈ ప్రశ్నకు ఇప్పటికీ పదును తగ్గలేదు.

1920లో మీజెస్, 1945లో హేయక్ ఎదురు ప్రశ్న వేశారు. ఏ ఊళ్లో ఏ సరుకు కరువో, ఎవరికి ఏది అవసరమో లక్షలాది మంది దగ్గర చెల్లాచెదురుగా ఉన్న తెలివిని ఒక దఫ్తరులో కూర్చున్న అధికారి ఎలా పోగుచేస్తాడు? ఆ పని ధరలు చేస్తాయని వాళ్ల వాదం. ప్రణాళికా సంఘం కూడా ధరలను సవరించుకుంటూ అదే పని చేయగలదని 1930లలో ఆస్కార్ లాంగే అన్నాడు. సోవియట్ అనుభవం చూస్తే ఈ ఒక్క అంశంలో హేయక్ వైపే బరువు తూగింది. మార్క్స్ అడిగిన ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

తెలుగు నేల మీద

1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటం ఈ చర్చను పుస్తకాల నుంచి పొలాల్లోకి తెచ్చింది. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని ఉద్యమ నాయకత్వం లెక్క చెప్పింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కుదారుణ్ని సృష్టించింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం మొదలైంది. చట్టం, తిరుగుబాటు, దానం అనే మూడు దారులనూ తెలంగాణ అయిదారేళ్ల వ్యవధిలోనే చూసింది.

1947లో అంబేడ్కర్ రాజ్యాంగ సభకు ఇచ్చిన ప్రణాళికలో వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమగా చేయాలన్నారు. ఒక పార్టీ దయ మీద ఆధారపడకుండా దాన్ని రాజ్యాంగంలోనే రాయాలని కోరారు. 1959 జనవరిలో కాంగ్రెస్ నాగపూర్ మహాసభ సహకార ఉమ్మడి సేద్యానికి తీర్మానం చేయగానే ఆచార్య రంగా తిరగబడ్డారు. రైతు చేతి నుంచి భూమి జారితే స్వాతంత్ర్యమే జారుతుందని ఆయన నమ్మకం. రాజాజీతో కలిసి ఆయన నిలిపిన స్వతంత్ర పార్టీ ఆ నమ్మకం మీదే పుట్టింది.

1973 భూపరిమితి చట్టం అయిదుగురి కుటుంబానికి భూమి తరగతిని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు హద్దు పెట్టింది. అది అమల్లోకి వచ్చేసరికి 1975 జనవరి అయింది. ఈలోగా పంపకాలూ బదిలీలూ కాగితాల మీద సాగిపోయాయి. చట్టం మంచిదే అయినా ఆలస్యం దాని కోరలు తీసేసింది.

నాలుగు వాదాలు

ఈ చరిత్ర నుంచి మనకు నాలుగు వాదాలు మిగిలాయి.

స్వేచ్ఛా విపణి వాదం: కొనేవాళ్లు ఎక్కువైతే రైతుకు ధర వస్తుంది. ప్రభుత్వం రోడ్డు, కోర్టు, తూకం చూసుకుంటే చాలు. ధరలో వేలు పెడితే సరుకు మాయమవుతుంది, లేదా దొంగదారి పడుతుంది.

సోషలిస్టు వాదం: భూమి, నీరు, అప్పు కొద్దిమంది చేతుల్లో ఉన్నంతకాలం బేరం అనేది పేరుకే. ముందు ఆస్తి పంచాలి, మౌలిక రంగాలు ప్రజల చేతిలో ఉండాలి.

సంక్షేమ వాదం: మార్కెట్ నడవనివ్వండి, కానీ కింద పడ్డవాడికి నేల ఉండాలి. 1983లో ఎన్టీఆర్ తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం, 2006లో మొదలైన ఉపాధి హామీ, 2018లో వచ్చిన రైతుబంధు ఈ కోవలోవి.

సహకార వాదం: ఒంటరి రైతు ఓడిపోతాడు, నలుగురు కలిస్తే బేరమాడతాడు. 1956 నుంచి నడుస్తున్న ముల్కనూరు సహకార సంఘం దీనికి తెలంగాణలో నిలువెత్తు సాక్ష్యం. ప్రభుత్వ పెత్తనం నుంచి సంఘాలను విడిపించే పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995లో వచ్చింది. ఉమ్మడి వనరులను వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని చూపిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో నోబెల్ దక్కింది.

నాలుగింటిలోనూ నిజం ఉంది. ఏ నిజం ఎక్కడ పనికొస్తుందో వాదనలో తేలదు. క్షేత్రంలోనే తేలుతుంది.

నడిగడ్డ: గింజకు రెండు ధరలు

హైబ్రిడ్ పత్తి విత్తనం పండించడం చేతివేళ్ల పని. చేనులో ఆడ మొక్కల సాళ్లు, మగ మొక్కల సాళ్లు వేరుగా ఉంటాయి. సాయంత్రం ఆడ మొక్కల మీద మర్నాడు విచ్చే మొగ్గలను వెతికి, పుప్పొడి భాగాన్ని గిల్లి తీసేయాలి. తెల్లవారి మగ పూలు కోసుకొచ్చి ఒక్కొక్క పువ్వుకూ పుప్పొడి అద్దాలి. దీన్నే ఇక్కడ క్రాసింగ్ అంటారు. నెలల తరబడి, రోజు తప్పకుండా చేయాలి. ఒక్క రోజు తప్పితే ఆనాటి పువ్వులో కల్తీ గింజ పడుతుంది.

ఈ గింజకు రెండు ధరలున్నాయి. ఒకటి విత్తనం కొనే రైతు కట్టేది, ఇంకోటి విత్తనం పండించిన రైతుకు దక్కేది.

మొదటి ధర మీద ప్రభుత్వం గట్టిగానే నిలబడింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ 1600 రూపాయలు దాటింది. అందులో పెద్ద వాటా జన్యు లక్షణానికి కట్టే రాయల్టీ. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ తలుపు తట్టింది, ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. 2007లో చట్టమే చేసింది. 2015 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో ప్యాకెట్ ధర 800 రూపాయలుగా ఖరారైంది, రాయల్టీ 163 నుంచి 49 రూపాయలకు తగ్గింది.

కొనే రైతుకు ఇది నిజమైన ఊరట. దీనికి మూల్యమూ ఉంది. అదే 2016లో మోన్‌శాంటో తన తర్వాతి తరం పత్తి అనుమతి దరఖాస్తును వెనక్కి తీసుకుంది. కలుపు మందును తట్టుకునే అనుమతి లేని పత్తి తెలుగు రాష్ట్రాల్లో దొంగచాటుగా వ్యాపించింది. బిల్లు లేని ప్యాకెట్ కొని మోసపోయిన రైతుకు అడగడానికి దిక్కులేదు. ధర కట్టేస్తే సరుకు దొంగదారి పడుతుందన్న విపణి వాదుల మాటను ఇక్కడ కొట్టిపారేయలేం. గుత్తాధిపత్యం ఉన్నచోట స్వేచ్ఛా ధర అనేదే లేదన్న సోషలిస్టుల మాటనూ కొట్టిపారేయలేం.

రెండో ధర దగ్గర ప్రభుత్వం కనిపించదు. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. కంపెనీ ఫౌండేషన్ సీడ్ (మూల విత్తనం) అతనికి ఇస్తుంది, అతను రైతుకు ఇస్తాడు. రాతకోతలు ఏమున్నా తరచూ కంపెనీకీ ఆర్గనైజర్‌కూ మధ్యే, రైతుతో అంతా మాట మీద నడుస్తుంది. పెట్టుబడికి అప్పు ఇచ్చేదీ, వడ్డీ లెక్క కట్టేదీ, గింజ తీసుకునేదీ, డబ్బు ముట్టజెప్పేదీ ఆర్గనైజరే. పంట వచ్చాక విత్తనం నమూనా జీవోటీ పరీక్షకు వెళ్తుంది. అంటే ఆ గింజను మళ్లీ నాటి, మొలిచిన మొక్కల్లో కల్తీ ఎంతో చూస్తారు. ఫలితానికి నెలలు పడుతుంది. ఫెయిల్ అంటే విత్తనం ధర దక్కదు, మామూలు పత్తి గింజల ధరే గతి. పరీక్ష చేయించేది కొనేవాడే. రైతు చేతిలో రెండో నమూనా ఉండదు, అప్పీలుకు చోటుండదు. ఈలోగా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

1966 విత్తన చట్టం అమ్మే విత్తనం నాణ్యత గురించి మాట్లాడింది. పండించే రైతు గురించి మాట్లాడలేదు. ఈ చట్టం నీడలోనే 2000ల మొదట్లో ఇంకో ఘోరం బయటపడింది. క్రాసింగ్ పనిలో బడి మాన్పించిన ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారని కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల మీద వచ్చిన అధ్యయనాలు చూపించాయి. కంపెనీలు ఇచ్చే ధరకు పెద్దల కూలి గిట్టదని రైతు వాదన. పిల్లలను మేం పెట్టలేదని కంపెనీల వాదన. ఇద్దరూ తమ తమ లెక్క చూసుకున్నారు, ఆ లెక్కలో పిల్ల చదువు ఎవరి ఖాతాలోనూ పడలేదు. స్వయంసేవా సంస్థలు, పత్రికలు, విదేశీ వాటాదారుల ఒత్తిడి పెరిగాకే కొన్ని కంపెనీలు పిల్లలను పెట్టని రైతుకు అదనపు ధర ఇవ్వడానికి ఒప్పుకున్నాయి.

లింగాల: ఒకే ఒక్క కొనుగోలుదారు

లింగాల మండలం అప్పాపూర్ వంటి పెంటల్లో ప్రశ్న తిరగబడుతుంది. తేనె, తపసి బంక, కుంకుడుకాయ, సారపప్పు అమ్ముకునే చెంచులను ఒకప్పుడు షావుకార్లు ఉప్పుకూ గుడ్డకూ మారకం పెట్టి ముంచారు. దానికి విరుగుడుగా 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. 1979 నిబంధన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న అటవీ ఉత్పత్తులు కొనే ఏకైక హక్కును దానికి ఇచ్చింది. సంస్థ నడిపే డీఆర్ (నిత్యావసర సరుకుల) డిపోల్లో బియ్యం, నూనె సరసమైన ధరకు దొరికాయి. మోసపు తూకానికి అడ్డుకట్ట పడింది. ఇది చిన్న మేలు కాదు.

కానీ షావుకారు ఒక్కడే ఉన్నప్పుడు వచ్చిన చిక్కు, సర్కారు ఒక్కటే ఉన్నప్పుడూ వస్తుంది. కొనుగోలు ఆలస్యమైతే, సిబ్బంది రాకపోతే, ధర తక్కువగా పెడితే చెంచు ఎవరి దగ్గరికి పోవాలి? బంక విదేశాలకు ఎగుమతయ్యే సరుకు, అక్కడ ధర పెరిగినా ఆ పెరుగుదల పెంట దాకా నడిచి రావాలి. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఈ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభదేనని చెప్పాయి. 2013లో కేంద్రం వీటికి కనీస మద్దతు ధర పథకం తెచ్చింది. చట్టం ప్రకారం హక్కుదారు గ్రామసభ, అలవాటు ప్రకారం కొనుగోలుదారు సంస్థ. పైగా పెంటలన్నీ అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఆంక్షల మధ్య ఉన్నాయి. ఈ మూడింటి మధ్య సర్దుబాటు ఇంకా కుదరలేదు.

కూలి, నీళ్లు, ముంపు

మూడో సాక్ష్యం వలస కూలీ. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. కరువులో ఉన్న కుటుంబం తీసుకుంటుంది. అప్పు తీరేదాకా చెప్పిన చోట, చెప్పిన కూలికి పని. 1976లో వెట్టి నిర్మూలన చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చినా మేస్త్రీ పోలేదు, ఎందుకంటే కరువు పోలేదు. చట్టం కన్నా ఎక్కువగా పనిచేసినవి రెండు. ఒకటి 2006లో తొలి విడతలోనే మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చిన ఉపాధి హామీ. ఊళ్లోనే పని దొరుకుతుందన్న ఆశ, మేస్త్రీతో బేరమాడే ధైర్యం ఇచ్చింది. రెండు, నీళ్లు. జూరాల ప్రాజెక్టు, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు ఏ ప్రైవేటు పెట్టుబడీ ముందుకొచ్చి కట్టేవి కావు. ఈ పనుల్లో సర్కారుకు ప్రత్యామ్నాయం లేదు.

అదే సర్కారు శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల ఊళ్లను ముంచింది. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98 జీవో 1986లో వచ్చింది. ఆ కాగితం పట్టుకుని దశాబ్దాలు తిరిగిన కుటుంబాలు ఇక్కడున్నాయి. ప్రజల పేరిట తీసుకున్న భూమికి ప్రజలకే బాకీ పడటం ప్రైవేటు మోసం కన్నా తేలికైన తప్పేమీ కాదు.

పోలిక

నాలుగు ఏర్పాట్లనూ పక్కపక్కన పెడితే ఇలా కనిపిస్తుంది.

- సీడ్ పత్తి ఒప్పందం: పెట్టుబడి, సాంకేతికత, నికరాదాయం ఆశ తెచ్చింది. నష్టభయమంతా రైతు మీదే పడింది. పరీక్ష, అప్పు, చెల్లింపు ఎదుటివాడి చేతిలోనే ఉన్నాయి.
- సర్కారు ఏకైక కొనుగోలు: షావుకారు దోపిడీని ఆపింది. పోటీని కూడా ఆపింది. ఆలస్యానికి జవాబుదారీ లేదు.
- ధరల నియంత్రణ: కొనేవాడికి తక్షణ ఊరట ఇచ్చింది. కొత్త పరిశోధనకు, చట్టబద్ధమైన సరఫరాకు దెబ్బ తగిలిందన్న విమర్శ మిగిలింది.
- ఉపాధి హామీ, సాగునీరు: కూలీకి కాదనే శక్తినిచ్చాయి. అమలు రాజకీయ సంకల్పం మీద, బడ్జెట్ మీద ఆధారపడింది.

ఇంకా తేలనివి

మొదటిది, సాయం ఎవరికి? 2018 మే నెలలో మొదలైన రైతుబంధు సీజనుకు ఎకరాకు 4000 రూపాయలతో ప్రారంభమైంది. ఎకరాల లెక్కన ఇవ్వడంతో ఎక్కువ భూమి ఉన్నవాడికి ఎక్కువ దక్కింది, పట్టా లేని కౌలు రైతుకు ఏమీ దక్కలేదు. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టం 2011లోనే ఉన్నా, కార్డు అడిగితే మరుసటి ఏడు కౌలు పోతుందన్న భయం ఉంది. భూయజమాని హక్కు చెడకుండా సాగుదారుకు సాయం చేర్చే దారి ఇక్కడ ఇంకా స్థిరపడలేదు.

రెండోది, మార్కెట్ మనిషిని స్వార్థపరుణ్ని చేస్తుందా? 1982లో జర్మన్ ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒకరికి డబ్బిచ్చి ఇంకొకరితో పంచుకోమంటారు. ఇచ్చిన వాటా రెండోవాడు కాదంటే ఇద్దరికీ సున్నా. మరీ తక్కువ వాటా ఇస్తే చాలామంది తమకు నష్టమైనా తిరగ్గొట్టారు. తర్వాత ఇదే ప్రయోగాన్ని అనేక చిన్న తెగల్లో చేసినప్పుడు, సంతలతో ఎక్కువ సంబంధం ఉన్న సమాజాల్లో సగటున వాటా న్యాయంగా ఉందని తేలింది. వ్యాపారం న్యాయబుద్ధిని చంపుతుందన్న మాటకూ, మనిషి లాభం తప్ప ఏదీ చూడడన్న మాటకూ ఇది సమాధానమే. కానీ ఆ ప్రయోగంలో రెండోవాడికి కాదనే హక్కు ఉంది. కాదనలేని వాడి ముందు మనిషి ఎలా ప్రవర్తిస్తాడన్నది వేరే సంగతి.

మూడోది, సహకారం ఎందుకు అంటుకోదు? ముల్కనూరులో నిలిచిన పద్ధతి నడిగడ్డలో ఎందుకు వేళ్లూనలేదు? నాయకత్వమా, అప్పుల ఉచ్చా, కులాల మధ్య అపనమ్మకమా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు.

తీర్పు

బజారా, సర్కారా అన్న ప్రశ్నను ఒక్క మాటలో తేల్చమనడమే మన చర్చను పాడుచేసింది. ప్రతి లావాదేవీ దగ్గరా నాలుగు సంగతులు అడగాలి. బలహీనుడు కాదనగలడా? నష్టం ఎవరి మీద పడుతుంది? కొలిచేది, తూచేది, పరీక్షించేది ఎవరు? అన్యాయం జరిగితే ఎవరి దగ్గరికి పోవాలి? కాదనే శక్తి ఇద్దరికీ ఉన్నచోట స్వలాభం న్యాయానికి అడ్డు కాదు, ప్రభుత్వం పక్కకు తప్పుకోవచ్చు. ఆ శక్తి ఒకరికే ఉన్నచోట, ఎదుటివాడు కంపెనీ అయినా కార్పొరేషన్ అయినా జరిగేది దోపిడీయే.

ఈ కొలతతో చూస్తే నడిగడ్డలో చేయాల్సిన పని స్పష్టంగానే ఉంది. కంపెనీ, ఆర్గనైజర్, రైతు ముగ్గురూ సంతకం చేసిన ఒప్పందం తెలుగులో ఉండాలి, ఒక ప్రతి రైతు ఇంట్లో ఉండాలి. విత్తనం నమూనాకు రైతు ముందే సీలు వేసి, ఒక భాగం ప్రభుత్వ ప్రయోగశాలలో ఉంచాలి. ఫలితానికీ చెల్లింపుకూ గడువు పెట్టాలి, గడువు దాటితే వడ్డీ కంపెనీయే కట్టాలి. లింగాల పెంటల్లో ప్రభుత్వ సంస్థ ధరను సీజనుకు ముందే ప్రకటించాలి. అంతకన్నా ఎక్కువ ఇచ్చేవాడు వస్తే అమ్ముకునే స్వేచ్ఛ గ్రామసభకు ఉండాలి. మొదటి దానికి ప్రభుత్వం ఇంకాస్త ముందుకు రావాలి, రెండో దానికి ఇంకాస్త వెనక్కి జరగాలి. రెండూ ఒకే న్యాయం కోసం. ఈ మూడు జిల్లాల శాసనసభ్యులు, రైతు సంఘాలు, విత్తన కంపెనీలు వచ్చే వానాకాలం సీడ్ పత్తి నాటకముందే ఆ ఒప్పంద పత్రం మీద ఒక మాటకు రావాలి.